మెత్తటి మంచు గ్రానైట్ కొండను ఎలా కోస్తుంది?

"చేత్తో నలిపితే కరిగిపోయే మంచు రాతికొండను తొలిచి లోయ ఎలా చేస్తుంది?" అని అడిగారు. కొండను కోసేవి మంచు అడుగున ఇరుక్కున్న రాళ్లండి. మంచు వాటిని గట్టిగా అదిమిపెట్టి ఈడ్చుకెళ్తుంది, పగుళ్లున్న చోట బండలనే పీక్కుపోతుంది. ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది మా నాన్న.

నాన్న చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. శాన్‌హోజేలో మా ఇంటికి వచ్చినప్పుడు జూలైలో కాలిఫోర్నియాలోనే ఉన్న యోసెమిటి నేషనల్ పార్కుకు తీసుకెళ్లాను. టయోగా రోడ్డు మీద టెనాయా సరస్సు దగ్గర కారు ఆపాం. అమ్మ నీళ్ల వైపు వెళ్లింది. నాన్న మాత్రం పక్కనున్న బండ మీద ఎండ తళుక్కుమనడం చూసి అటు నడిచారు. మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నిమిరి, "ఒరేయ్, ఇది పాలిష్ పట్టిన రాయిరా! ఇక్కడికొచ్చి ఎవరు పట్టారు?" అన్నారు.

సుమారు 20,000 ఏళ్ల కిందట ఇక్కడ వందల మీటర్ల మందాన మంచు కదులుతూ ఉండేదని చెప్పాను. ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. "ఈ గీతలు చూడు, అన్నీ ఒకే వాటంలో ఉన్నాయి. గరుకు రాళ్లు గీసినవి. తర్వాత సన్నటి రాతిపిండి రుద్దుకుని నునుపు తేలింది. అడుగున నీళ్లు కూడా ఉండి ఉంటాయి, లేకపోతే ఈ మెరుపు రాదు." ప్రతి మాటా నిజమే. అక్కడి ఆదివాసులు ఈ సరస్సుకు పెట్టుకున్న పేరుకు అర్థం 'మెరిసే రాళ్ల సరస్సు'.

ముందుకెళ్తే లెంబర్ట్ డోమ్ అనే బండకొండ. ఒకవైపు ఏటవాలుగా నున్నగా ఉంటుంది, రెండోవైపు నిలువునా విరిగి ఉంటుంది. బండలోని పగుళ్లలో నీరు దిగి గడ్డకడితే, మంచు ఆ ముక్కలను పీక్కుని పోయింది. నన్నడిగితే యోసెమిటి లోయలో మంచు తొలిచిన లోతులో ఎక్కువ భాగం ఇలా బండలు పీకడం వల్ల వచ్చిందే. పాలిష్‌తో లోయలు పడవు.

బడిలో మాకు 'హిమానీనద క్రమక్షయం' (కదిలే మంచు నేలను అరగదీయడం) అని బట్టీ పట్టించి, బోర్డు మీద యు ఆకారం గీసి వదిలేశారు. ఒక్క రాయీ చూపించలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే 'ఒక్కరోజులో యోసెమిటి' ప్లాన్లూ అంతే. టన్నెల్ వ్యూ దగ్గర ఫొటో దిగి వెనక్కి రావడమే. దయచేసి టయోగా రోడ్డుకు ఒక రోజు ఉంచుకోండి.

రాయిని ముట్టుకున్నవాడికే రాయి తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. కాలిఫోర్నియా ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త జోసయా విట్నీ, యోసెమిటి లోయ అడుగు కుంగిపోవడం వల్లే ఏర్పడిందని వాదించాడు. గ్లేసియర్లే, అంటే కదిలే మంచు నదులే, తొలిచాయన్న ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్‌ని గొర్రెల కాపరి అని తీసిపారేశాడు. మ్యూర్ ఆ బండలన్నీ కాళ్లతో తిరిగి, 1871లో ఆ కొండల్లో ఇంకా బతికున్న గ్లేసియర్ను చూశాడు. మంచు అన్నిటినీ కప్పేసిందనడం మాత్రం అతని పొరపాటు. లోయ పక్కనే ఉన్న హాఫ్ డోమ్ కొండ శిఖరం ఎప్పుడూ మంచు కింద లేదు.

తిరిగొచ్చేటప్పుడు నాన్న, "ఆ మంచు ఇప్పుడు ఎక్కడైనా ఉందా?" అన్నారు. పార్కులో అన్నిటికన్నా పెద్దదైన లైయెల్ గ్లేసియర్ కదలడం ఆగిపోయిందని పార్కు వాళ్లు 2013లో ప్రకటించారని చెప్పాను.

"మరి దాని అడుగున రాళ్లు?"

"ఉన్నచోటే ఉన్నాయి నాన్నా."