వాదీ రమ్ లోయ చూడటానికి ఒక్క పగలు సరిపోతుందా?

జోర్డాన్ దక్షిణ భాగంలో ఉన్న వాదీ రమ్‌ను ఒక్క పగటిలో జీపులో చుట్టి రావడం సాధ్యమే గాని, కనీసం ఒక రాత్రి అక్కడ బస చేసేలా ప్రయాణం వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎర్ర సముద్ర తీరాన ఉన్న రేవు పట్టణం అకాబా నుంచి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఎడారి లోయను యునెస్కో 2011లో ప్రకృతి, సంస్కృతి రెండింటి విలువనూ గుర్తించి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడి కొండల నిర్మాణం తెలిస్తే చరిత్ర కూడా సులభంగా అర్థమవుతుంది. పైనున్న ఇసుకరాయి వాననీటిని పీల్చుకొని నెమ్మదిగా కిందికి వదులుతుంది. అడుగునున్న గ్రానైటు ఆ నీటిని దిగనివ్వదు కనుక, రెండు శిలలూ కలిసే చోట ఊటలు పుడతాయి. పెట్రా నగరాన్ని నిర్మించిన ప్రాచీన అరబ్బు ప్రజలైన నబాతీయులు జబల్ రమ్ కొండ పాదాన ఆలయం కట్టుకొని, రాతిలో కాలువలు తొలిచి బతికింది ఆ నీటి ఆధారంగానే. ఖజాలీ అనే ఇరుకైన కనుమ గోడలపై మనుషుల బొమ్మలు, పాదాల గుర్తులు, థముదిక్ అనే ప్రాచీన అరేబియా లిపి రాతలు కనిపిస్తాయి. దయచేసి వాటిని చేత్తో తాకవద్దు, ఇసుకరాయి తేలికగా అరిగిపోతుంది.

లోయ లోపలికి స్థానిక బెదూయిన్లు (ఎడారి అరబ్బు తెగల వారు) నడిపే వాహనాల్లో వెళ్లడమే సరైన పద్ధతి. సహజంగా ఏర్పడిన ఉమ్ ఫ్రూత్ రాతి వంతెనను చాలామంది ఎక్కగలరు. బుర్దా వంతెనకు మాత్రం దారి తెలిసిన మనిషి తోడు లేకుండా బయలుదేరకండి. మార్చి నుంచి మే వరకు, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు వాతావరణం అనుకూలంగా ఉంటుంది. చలికాలంలో వెళ్లేవారికి రాత్రిపూట ఉన్ని దుస్తులు తప్పనిసరి.