మండల స్థాయిలో పిల్లల స్థితిగతులు తెలుసుకోవడానికి ఏ లెక్కలు పనికొస్తాయి?

ఆదోని ప్రాంతంలోని ఒక మండలంలో పిల్లల పరిస్థితిని ఏటా గమనించడానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను వాడాలా, జనన మరణాల రిజిస్టర్లను వాడాలా అని అడిగారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఈ పని చేసిన అనుభవంతో చెబుతున్నాను. రెండూ చూడండి, కానీ వాటిని ఊరి పుస్తకాలతో పేరు పేరునా సరిచూస్తేనే మండలానికి ఉపయోగం.

2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 31 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. ఇలాంటి విషయం ఏ జనన రిజిస్టరులోనూ దొరకదు. అయితే ఆ సర్వే జిల్లా కంటే కిందికి దిగదు. అది కూడా 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడిపోక ముందటి ఉమ్మడి కర్నూలు జిల్లా లెక్క.

రిజిస్టర్ల చిక్కు వేరు. 1969 చట్టం ప్రకారం కాన్పు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేస్తారు కనుక, ఆదోని, కర్నూలు ఆసుపత్రుల్లో పుట్టిన మీ మండలం బిడ్డలు ఆ పట్టణాల లెక్కలోకి, తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లినవారి బిడ్డలు ఆ ఊరి లెక్కలోకి పోతారు. పైగా ఏడాదికి 40 కాన్పులయ్యే ఊళ్లో ఒక్క శిశువు చనిపోతే మరణాల రేటు వెయ్యికి 25, ఇద్దరు చనిపోతే 50 అవుతుంది. అందుచేత ఒక ఊరి రేటును చూసి తీర్పు చెప్పకూడదు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, ఇంట్లో పుట్టి రెండు మూడు రోజుల్లోనే కన్నుమూసిన పసికందులు. చాలాసార్లు వారి పుట్టుకా రాయరు, చావూ రాయరు.

అందుకే ఆశా కార్యకర్త దగ్గరున్న గర్భిణుల జాబితాతో మొదలుపెట్టి, ప్రతి పేరుకూ కాన్పు ఏమైందో అడిగి, అంగన్‌వాడీ కుటుంబ సర్వే పుస్తకంతోనూ, జనన ధ్రువపత్రంతోనూ సరిచూడండి. ఒక ఊళ్లో ఒకావిడ పేరు పక్కన కాన్పు తేదీ గడి ఖాళీగా కనిపించింది. వెళ్లి చూస్తే ఇంటికి తాళం. మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయారని, బిడ్డ అక్కడి గుడిసెలోనే పుట్టిందని పక్కింటివారు చెప్పారు. ఆ పాప ఏ ఊరి లెక్కలోనూ లేదు. 21 రోజుల్లోపు తెలిపితే నమోదుకు రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి ఆధారం ఆ ధ్రువపత్రమే కనుక ఆలస్యం చేయకండి. బిడ్డకు పేరు పెట్టలేదని కూడా ఆగనక్కరలేదు, పేరు తర్వాత చేర్పించవచ్చు.

సరిచూడటం దసరాకు ముందు ఒకసారి, వలస వెళ్లినవారు తిరిగివచ్చాక ఉగాది తర్వాత ఒకసారి పెట్టుకోండి. తాళం వేసిన ఇళ్లను పిల్లలు లేని ఇళ్లతో కలపకుండా విడిగా రాసి, ఆ జాబితాను ఏఎన్ఎంకు ఇవ్వండి.