శత్రువును ప్రేమించడం అయ్యే పనేనా? మా అమ్మ నీళ్లిచ్చింది, గెట్టు ఇవ్వలేదు

మీరు అడిగింది ఇది: "దేవుణ్ణి, పొరుగువాణ్ణి, నిన్ను నువ్వు, ఆఖరికి శత్రువును కూడా ప్రేమించమంటారు కదా క్రైస్తవులు, ఇది బతుకులో ఎవరైనా చేస్తారా, లేక ఆదివారం మాటేనా? ఆస్తి దగ్గర నన్ను మోసం చేసిన మా అన్నను నేనెలా ప్రేమించాలి?"

చేస్తారు. నేను కళ్లారా చూశాను. మా అమ్మ చేసింది. మీది ఆస్తి గొడవ కాబట్టే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను, మాదీ అదే గొడవ.

మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా చేను, మా పాలోళ్ల చేను పక్కపక్కనే. నాయనకు ఆయన తమ్ముడి వరస, నేను చిన్నాయన అంటాను. 2008లో ఆయన దుక్కి దున్నేటప్పుడు గెట్టు, అంటే రెండు చేన్ల మధ్య హద్దు గట్టు, మా వైపుకు జరిపాడు. ఎంత అంటే రెండున్నర గుంటలు (ఎకరానికి నలభై గుంటలు). నాయన అడ్డం పోయాడు, మాటా మాటా పెరిగింది, చెయ్యి లేచింది. చిన్నాయన కేసు పెట్టాడు, నాయన ఒక రాత్రి స్టేషన్‌లో కూర్చున్నాడు. మరుసటి ఏడు చిన్నాయన ఎకరంన్నర లోపు ఉండే ఆ చెలకలో 140 బత్తాయి మొక్కలు పెట్టాడు, మొదటి వరుస 14 మొక్కలు సరిగ్గా మా రెండున్నర గుంటల్లో నాటాడు. కావాలనే నాటాడని ఊరంతటికీ తెలుసు.

ఇంకో మాట. ఇద్దరం ఒకే సంఘం. మాది మెనోనైట్ బ్రదరెన్ చర్చి, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ, పాలమూరు, నల్గొండ వైపు ఎం.బి. చర్చి అంటే ఎవరైనా చెబుతారు. ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలుచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం, అది ఇచ్చే ఆదివారం రొట్టె పళ్లెం వరుసల్లోకి రాకముందే నాయన లేచి బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడేవాడు. బలిపీఠం దగ్గర నీ అర్పణ వదిలేసి ముందు పోయి నీ సహోదరునితో సమాధానపడు అని మత్తయి 5వ అధ్యాయంలో ఉంది కదా, ఆయన దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. సమాధానపడలేకపోయాడు, కాబట్టి రొట్టె ముట్టలేదు. చిన్నాయన మాత్రం లోపలే కూర్చుని తీసుకునేవాడు. భూమి పోయినదానికంటే అది చూసి మాకు ఎక్కువ మండేది. 2013లో నాయన చనిపోయాడు. సమాధి కార్యక్రమానికి చిన్నాయన రాలేదు. ఆ తర్వాత నాయన నిలబడ్డ వేపచెట్టు కింద అమ్మ నిలబడటం మొదలుపెట్టింది.

2014, 2015 రెండేళ్లూ వానలు సరిగా పడలేదు. 2016 ఎండాకాలానికి మా వైపు బోర్లు ఒకటొకటే వట్టిపోయాయి. చిన్నాయన బోరు మార్చి నెలలో ఆగింది. ఇంకో రెండు వేయించాడు, రెండిట్లోనూ దుమ్మే లేచింది. బత్తాయి తోట అంటే పత్తిలాగా ఈ ఏడు పోతే వచ్చే ఏడు వేసుకునేది కాదు. నాలుగైదేళ్లు సాకితేగానీ కాపు మొదలుకాదు, ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే చెట్టే పోతుంది. ఆయన చెట్లు ఏడేళ్ల ఈడువి, అప్పుడప్పుడే కాపుకు వచ్చాయి. ఆకులు ముడుచుకుపోయి, పిందె రాలి, కొమ్మలు కొసల నుంచి ఎండుతున్నాయి. ట్యాంకర్లు తెప్పించాడు కొన్నాళ్లు, ఎంతకని తెప్పిస్తాడు. నేను హైదరాబాద్ నుంచి ఏప్రిల్‌లో ఊరికి వచ్చినప్పుడు ఆ తోట చూసి లోపల సంతోషపడ్డాను. నిజం చెబుతున్నాను, ఆ సంతోషం దేవుడు తీర్చిన తీర్పులాగా అనిపించింది.

మా బోరు ఇంచున్నర పోస్తోంది అప్పటికి. ఎకరం బెండ, టమాట, రెండు బర్రెలు, అంతే మా వాడకం. పొలాలకు ఇరవైనాలుగు గంటల కరెంటు 2018 జనవరిలో వచ్చింది, అంతకుముందు వంతులవారీగా ఇచ్చేవాళ్లు, మా వంతు ఎక్కువగా రాత్రిళ్లు పడేది. ఒకరోజు అన్నం తిన్నాక అమ్మ "పాత నల్ల పైపు ఎక్కడున్నది?" అని అడిగింది. ఎందుకంటే చెప్పలేదు. నేను కొట్టంలో నుంచి తీసిచ్చాక, "గెట్టు దాకా పరుచు" అంది.

నాకు అర్థమై లొల్లి చేశాను. నాయన్ని స్టేషన్‌లో కూర్చోబెట్టినోనికి నీళ్లా, మట్టికి కూడా రానోనికి నీళ్లా అని అరిచాను. అమ్మ ఒక్కటే అంది: "చెట్లేం పాపం చేసినయిరా?"

తర్వాత కొంచెంసేపాగి, శత్రువు ఎద్దు తప్పిపోతే తోలుకొచ్చి అప్పజెప్పమని ఉన్నది కదా, ఎద్దుకున్నది చెట్టుకు లేదా అంది. అమ్మకు చదువు రాదు, స్త్రీల సమాజంలో విని విని పట్టుకున్న మాటలు. నేను వెతికి చూశాను, నిర్గమకాండము 23వ అధ్యాయం, 4, 5 వచనాలు. ఎద్దో గాడిదో తప్పిపోతే తోలుకొని రావాలి, నిన్ను ద్వేషించేవాడి గాడిద బరువు కింద పడిపోతే లేపడానికి సాయపడాలి. అక్కడ శత్రువు మీద మనసులో ఏం ఉండాలో ఒక్క ముక్క లేదు. గాడిదను లేపు, అంతే. మత్తయి 5:44లో యేసు ప్రభువు శత్రువులను ప్రేమించమన్నప్పుడు కూడా ఆ వెంటనే వాళ్ల కోసం ప్రార్థన చేయమన్నాడు, సూర్యుడు చెడ్డవాళ్ల మీదా ఉదయిస్తాడు, వాన అనీతిమంతుల మీదా కురుస్తుంది అన్నాడు. వాన! నీళ్ల కోసం కొట్టుకునే మా ప్రాంతం వాళ్లకు ఆ మాట అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదని నా గట్టి నమ్మకం.

ఆ రాత్రి పదకొండింటికి కరెంటు వచ్చింది. రెండు గంటలు నీళ్లు గెట్టు దాటాయి. చిన్నాయన రాలేదు. ముందే వాళ్లింటికి మనిషితో కబురు పంపింది అమ్మ, మంగళవారం, శుక్రవారం మన వంతులో రెండేసి గంటలు అని. జవాబు లేదు. వదిలిన నీళ్లు ఊరికే పారిపోతాయి కదా, అమ్మే పార పట్టుకుని ఒక్కో చెట్టు పాదుకు మళ్లించింది. నేను గెట్టు మీద బ్యాటరీ లైటు పట్టుకుని నిలబడ్డాను, దిగలేదు. అమ్మ మొదలుపెట్టింది ఏ వరుసతో అనుకున్నారు? మా భూమిలో నాటిన ఆ 14 చెట్లతో. రెండో వాయిదాకూ ఎవరూ రాలేదు. మూడోసారి చిన్నమ్మ వచ్చింది, పార భుజాన వేసుకుని. "అక్కా, నువ్వు జరుగు" అంది. ఎనిమిదేళ్లలో అదే మొదటి మాట. జూన్‌లో వానలు పడేదాకా అట్లాగే నడిచింది. దానికోసం మేం సగం బెండ ఎండబెట్టుకున్నాం. ముప్పై చెట్ల దాకా పోయాయి, మిగతావి బతికాయి.

ఇప్పుడు నాకు పేచీ ఉన్న సంగతులు చెబుతాను. క్షమిస్తే మనసు తేలికవుతుంది, బీపీ తగ్గుతుంది, టెన్షన్ పోతుంది అని ఈమధ్య ప్రసంగాల్లో కూడా చెబుతున్నారు. మా అమ్మ బీపీ తగ్గలేదు, గోలీ ఇంకా వేసుకుంటుంది. ఆమె నీళ్లిచ్చింది తన ఆరోగ్యం కోసం కాదు, పక్క చేన్లో చెట్లు ఎండుతున్నాయి కాబట్టి. కూటాల్లో ప్రేమకు గ్రీకులో ఎన్ని మాటలున్నాయో గంటసేపు వివరిస్తారు, విన్నవాళ్లు ఇంటికెళ్లి తోటికోడలితో మాట్లాడరు. ఇక పొరుగువాడు ఎవరు అంటే దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ చెబుతారు, సమరయులతో యూదులు సాంగత్యం చేయరని చెబుతారు, హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టిన రోజులు గుర్తు చేసుకుంటారు. మరి మాల చర్చి, మాదిగ చర్చి అని మనలో మనమే గోడ కట్టుకున్నది ఎవరు? ఊళ్లో వంద గజాల దూరంలో రెండు చర్చిలు, రెండిట్లోనూ ఒకే వాక్యం, పెళ్లి సంబంధానికి మాత్రం అటు చూడరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

శత్రు ప్రేమ అనగానే గ్లాడిస్ స్టెయిన్స్ గారిని అందరూ చెబుతారు. 1999 జనవరిలో ఒడిశాలో భర్తనూ ఇద్దరు చిన్న కొడుకులనూ సజీవంగా తగలబెట్టినవాళ్లను ఆమె క్షమించానంది, బారిపదాలో కుష్ఠు రోగుల సేవ ఆపలేదు. ఆమె ముందు నేను తల వంచుతాను. కానీ అందులో ఒకటి మనవాళ్లు వదిలేస్తారు, ఆమె క్షమించినా కేసు చట్టప్రకారం నడిచింది, శిక్షలు పడ్డాయి. క్షమాపణ వేరు, న్యాయం వేరు. మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు డర్క్ విల్లెమ్స్ కథ చెప్పేవాళ్లు. నెదర్లాండ్స్‌లో విశ్వాసం కోసం జైల్లో పెడితే తప్పించుకుని గడ్డకట్టిన నీళ్ల మీదుగా పరుగెత్తాడు, తరుముతున్నవాడు మంచు విరిగి మునిగిపోతుంటే వెనక్కి తిరిగి వచ్చి లాగాడు, దాంతో దొరికిపోయాడు, 1569లో కాల్చి చంపారు. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ దంపతులు 1890 ప్రాంతంలో నల్గొండలో పని మొదలుపెట్టారు, తర్వాత అమెరికా నుంచీ వచ్చారు, వాళ్ల వంశపు కథ ఇది, మంచు చూడని మా ఊరి దాకా వచ్చింది. గొప్ప కథే. కానీ మీ అన్న మిమ్మల్ని తరుముతూ మంచులో పడడు. ఆయన కూతురికి జ్వరం వస్తుంది, ఆయన బండి దారిలో ఆగిపోతుంది, అప్పుడు మీరేం చేస్తారన్నదే లెక్క.

నిన్ను నువ్వు ప్రేమించుకోవడం సంగతి అడిగారు. నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను అన్నది లేవీయకాండము 19లోనే ఉంది, యేసు ప్రభువు దాన్నే మళ్లీ చెప్పాడు. దాన్ని మా అమ్మ ఎట్లా పాటించిందో చూడండి. 2018లో మీసేవలో చలానా కట్టి సర్వేయర్‌ను పిలిపించింది. నేనే అన్నాను, అన్ని నీళ్లిచ్చి ఇప్పుడు మళ్లీ కొలతలెందుకు, రెండున్నర గుంటలు పోతే పోనియ్యమని. "నీళ్లు ఇచ్చిన, గెట్టు ఇస్తనని ఎవరికి చెప్పిన?" అంది. నా పిల్లల భూమి మందికి వదిలేసి దాన్ని ప్రేమ అంటే అది అబద్ధం అంది. గొలుసు పట్టి కొలిచారు, రెండున్నర గుంటలు మావేనని తేలింది, రాళ్లు పాతారు. చిన్నాయన ముఖం మళ్లీ మాడింది. మొదటి వరుసలో బతికిన 11 చెట్లు మా హద్దులోకి వచ్చాయి. కొట్టేయమంటామనుకున్నాడేమో, అమ్మ చిన్నమ్మను పిలిచి, "చెట్టు మీరు పెట్టిన్రు, కాయ మీరే కోసుకోన్రి, భూమి మాత్రం మాది" అని రాయి చూపించింది.

కాబట్టి మీ అన్న విషయంలో వాటా అడగండి, అవసరమైతే కోర్టుకు కూడా వెళ్లండి, నేను వద్దనను. వెళ్తూనే ఆయన ఇంట్లో కష్టమొస్తే ముందు మీరే పొండి. రెండూ ఒకేసారి చేయొచ్చు. మీకు లోపల ప్రేమ పుట్టేదాకా ఆగితే ఈ జన్మకు జరగదు, నాకు ఇప్పటికీ పుట్టలేదు. రోజూ ప్రార్థనలో చిన్నాయన పేరు చెబుతాను, పేరు చెప్పినప్పుడల్లా గొంతు పట్టుకుంటుంది, అయినా చెబుతాను.

దేవుణ్ణి ప్రేమించడం గురించి నేను పెద్దగా చెప్పలేను. కంటికి కనబడే సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనబడని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను రాశాడు. నేను చూసింది మాత్రం చెబుతాను. ఆ 2016 మే నెలలో బల్ల ఇచ్చిన ఆదివారం అమ్మ వేపచెట్టు కిందకి పోలేదు. కూర్చున్నచోటే కూర్చుని, రొట్టె ముక్క తీసుకుని, చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

చిన్నాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. కాకపోతే ఆ వరుసలో చివరి చెట్టు కాయలు ఆయన కోయడు, చెట్టు మీదే వదిలేస్తాడు. ఎందుకని మేం అడగలేదు. కోతపండుగకు అమ్మ ఆ కాయలే గంపలో పెట్టుకుని చర్చికి తీసుకెళ్తుంది.