యూరినల్ కిందికి దించితేనే వాసన: లోపం వేస్ట్ పైపులో

ఇంట్లో పెట్టించుకున్న, ఎత్తు మార్చుకునే యూరినల్‌ని పిల్లాడి కోసం కిందికి దించినప్పుడే వాసన వస్తోందంటే తప్పు ట్రాప్‌ది (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిపే భాగం) కాదు, బౌల్ నుంచి గోడకి మీరు బిగించిన ముడతల వేస్ట్ పైపుది. బౌల్ దిగగానే ఆ పైపు గోడలోని అవుట్‌లెట్ కంటే కిందికి వేలాడుతుంది, ఆ వంపులో మూత్రం నిలిచిపోతుంది. పైగా మన హైదరాబాద్ బోరు నీళ్లు, ముడతల్లో తెల్లగా పెచ్చు కట్టక మానదు.

1. అందరూ మర్చిపోయేది ఇదే: అవుట్‌లెట్ ఎత్తును పెద్దవాళ్ల కొలత (నేల నుంచి బౌల్ అంచు సుమారు 60 సెం.మీ.) చూసి పెట్టేస్తారు. పిల్లాడి కొలత, అంటే 43 సెం.మీ. దగ్గర బౌల్ పెట్టి చూడండి, అప్పుడు కూడా ట్రాప్ మూతి కంటే అవుట్‌లెట్ కిందే ఉండాలి.

2. గోడలో అంత కిందికి కుదరదా? నేలలోంచి విడిగా పైపు వేయించి టాయిలెట్ లైన్‌కి కలిపించండి. నహానీ ట్రాప్‌లోకి (బాత్రూం నేలలో జాలీ కింద ఉండేది) మాత్రం వదలొద్దు, జాలీలోంచి కంపు కొడుతుంది.

3. ట్రాప్ బౌల్‌కే బిగించి, దానితోపాటే కదలనివ్వండి. దాని కింద నున్నటి నిలువు పైపు, రబ్బరు రింగున్న పెద్ద పైపులోకి జారేలా పెట్టాలి.

4. పూర్తిగా దించి ఓ బకెట్ నీళ్లు పోసి, ఎక్కడా నిలవలేదని చూశాకే టైల్స్ మూయించండి.

ఫ్లష్ హోస్ మార్చక్కర్లేదు, అందులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఎటు వంగినా ఫర్వాలేదు.