చదివిందంతా ఎగ్జామ్ హాల్లో గుర్తు రాదు, బయటికి రాగానే గుర్తొస్తుంది, ఎందుకని?

బయటికొచ్చాక గుర్తొచ్చిందంటే మీరు మర్చిపోలేదండీ, బుర్రలో ఉంది కానీ ఆ టైమ్‌కి అందలేదు. 1966లో టల్వింగ్, పెర్ల్‌స్టోన్ అనే సైకాలజిస్టులు కొంతమందికి పదాల లిస్టులు ఇచ్చి గుర్తున్నవి రాయమన్నారు, ఊరికే రాయమంటే కొన్నే వచ్చాయి, అదే "ఆయుధాలు" లాంటి గ్రూపు పేరు అందిస్తే ఇంకా చాలా బయటికొచ్చాయి. శతక పద్యం కూడా అంతే కదా, మొదటి మాట ఎవరైనా అందిస్తే చాలు మిగతాదంతా దానంతటదే వచ్చేస్తుంది.

నేను చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివేటప్పుడు మా బ్యాచ్‌లో ఒకతను పాలిటీ, అంటే రాజ్యాంగం సబ్జెక్టు మొత్తం ఆర్టికల్ నంబర్ల వారీగా బట్టీ పట్టేవాడు, 32 అనగానే రాజ్యాంగ పరిహార హక్కు (ప్రాథమిక హక్కులకి భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్ళే హక్కు) అని ఠక్కున చెప్పేవాడు. కానీ "పోలీసులు ఒకర్ని అక్రమంగా నిర్బంధిస్తే ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి" అని తిప్పి అడిగితే ఆగిపోయేవాడు, ఎందుకంటే ఆ ప్రశ్నలో 32 అన్న నంబరే లేదు. అప్పట్నుంచి మేమిద్దరం అదే పాయింట్‌ని నాలుగు వైపుల నుంచి ఒకరినొకరం అడిగేవాళ్ళం, అంబేద్కర్ రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నది దేన్ని, హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) ఎప్పుడు వేస్తారు, సుప్రీంకోర్టుకి 32 అయితే హైకోర్టుకి ఎంత (226), ఇలా. చదివేటప్పుడు ఏ ఆధారంతో కలిపి ఎక్కించుకున్నామో తీసేటప్పుడు అదే బాగా పనిచేస్తుందని టల్వింగ్, థామ్సన్ 1973లో చెప్పింది కూడా ఇదే, అందుకే ప్రశ్న ఏ రూపంలో రావచ్చో ఆ రూపంలోనే చదవండి, పుస్తకం మూసేసి తెల్ల కాగితం మీద రాయండి.

చదివిన చోటే పరీక్ష రాస్తే బాగా గుర్తొస్తుందంటారు, నీళ్ళలో నేర్చుకున్న పదాలు డైవర్లకి నీళ్ళలోనే ఎక్కువ గుర్తొచ్చాయని 1975లో గాడెన్, బాడ్లీ చూపించారు నిజమే, కానీ 2021లో మళ్ళీ చేస్తే ఆ తేడా కనపడలేదు, కాబట్టి రూమ్ గురించి మరీ బెంగ వద్దు. హాల్లో ఆగిపోతే మాత్రం కళ్ళు మూసుకుని చదివిన గది, ఆ పేజీ, పక్కన మీరు రాసుకున్న నోట్ ఒక్కసారి ఊహించుకోండి, నాకు చాలాసార్లు పనిచేసింది, అప్పటికీ రాకపోతే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోండి, దాంట్లో ఏదో ఒక మాట దీన్ని గుర్తుచెయ్యొచ్చు.