ముందు లెన్సు, తర్వాతే బాడీ: పక్షుల ఫోటోలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: నా దగ్గర 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా, 70-300 ఎం.ఎం. లెన్సు ఉన్నాయి. ఉప్పలపాడు, ఆటపాక పక్షి కేంద్రాలకు తరచూ వెళ్తుంటాను. పిట్ట చాలా చిన్నగా పడుతోంది. ఫుల్‌ఫ్రేమ్ (35 ఎం.ఎం. ఫిల్మంత పెద్ద సెన్సర్) బాడీకి మారమని మిత్రులు అంటున్నారు. బాడీకో లెన్సుకో ఒక్కదానికే డబ్బు సరిపోతుంది. ఏది కొనమంటారు?
(గుంటూరు పాఠకుడు)

జవాబు: లెన్సు కొనండి. అదే 300 లెన్సును ఫుల్‌ఫ్రేమ్‌కు తగిలిస్తే పిట్ట పెద్దదవదు, దాని చుట్టూ ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని కత్తిరించి ఇప్పుడు మీకొస్తున్న ఫ్రేముకు తెచ్చారనుకోండి. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌లో మిగిలేది దాదాపు 10.7 మెగాపిక్సెళ్లే. క్రాప్ లెక్క (పొడవులో సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో) 1.5 కాబట్టి 24ను 1.5 × 1.5, అంటే 2.25తో భాగించాలి. 45 మెగాపిక్సెళ్ల ఖరీదైన బాడీలో కూడా 20 మిగులుతాయి, అంటే మీ పాత కెమెరా కంటే తక్కువే. ఫుల్‌ఫ్రేమ్‌లో నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు మచ్చలు) తక్కువన్న మాట నిజమే కానీ, పిట్ట ఫ్రేము నిండా ఉన్నప్పుడే ఆ లాభం. కత్తిరించాక అది దాదాపు ఏమీ మిగలదు.

పిట్ట నుంచి ఎంత వెలుగు సెన్సర్‌కు చేరుతుందో తేల్చేది లెన్సు ఎపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) వ్యాసం. ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు పేరులోని 300, 400 లాంటి ఎం.ఎం. అంకె) ఎఫ్ నంబరుతో భాగిస్తే అది వస్తుంది. 400 ఎం.ఎం. ఎఫ్8 దగ్గర కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400కు 50 ఎం.ఎం. వస్తుంది. 600 ఎఫ్6.3 దగ్గర సోనీ 200-600కైనా నికాన్ 180-600కైనా 95 వస్తుంది. వైశాల్యంలో చూస్తే ఇది మొదటిదానికి మూడున్నర రెట్ల పైమాటే. ఎఫ్9 అనగానే చీకటి లెన్సని కెనాన్ 200-800ను పక్కన పెట్టేస్తుంటారు. 800 దగ్గర దాని వ్యాసం 89, అంటే 600 ఎఫ్6.3కు కొంచెమే తక్కువ. కొనేముందు ఈ భాగహారం చేసి చూడండి. ప్రకటనల్లో కనిపించని తేడా తెలిసిపోతుంది.

ఉప్పలపాడులో చెరువు చిన్నది, పక్షులు దగ్గరగా ఉంటాయి. అక్కడికి మీ 300 చాలు. ఆటపాకలో స్టాండ్ల మీద కూర్చునే గూడబాతులను ఒడ్డు నుంచి తీయాలంటే 500 పైన కావాలి. అయితే ఈ పెద్ద జూమ్‌లు రెండు కిలోల అటూ ఇటూ తూగుతాయి, 100-400 మాత్రం 635 గ్రాములే. రోజంతా చేత్తో పట్టుకుని తిరిగేవారికి ఈ బరువు లెక్క ముఖ్యం. బడ్జెట్ తక్కువైతే మీ కెమెరా మౌంట్‌కు (లెన్సు తగిలించే చోటు) సరిపోయే సిగ్మా, టామ్రాన్ 150-600లు సెకండ్‌హ్యాండ్‌లో చూడండి. కొనే ముందు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి లోపలి గాజుల మీద ఫంగస్ దారాలు ఉన్నాయేమో చూడాలి. కోస్తా తేమలో ఇది చాలా మామూలు.

ప్రశ్న: తెల్ల కొంగ ఎగురుతున్న ఫోటోల్లో ఈకలన్నీ కలిసి తెల్ల సున్నం ముద్దలా వస్తున్నాయి. ఎడిటింగ్‌లో హైలైట్స్ తగ్గించినా ఈకలు రావడం లేదు.
(ఏలూరు పాఠకురాలు)

జవాబు: రావు. మూడు రంగుల చానెళ్లూ నిండిపోయిన చోట రా ఫైల్లో (కెమెరా మార్చకుండా దాచే అసలు ఫైల్) కూడా సమాచారం ఉండదు. నీళ్లు నల్లగా, కొంగ చిన్నగా ఉంటే కెమెరాలోని వెలుగు కొలిచే మీటరు నీళ్లను చూసి ఫోటో మొత్తాన్ని వెలిగించేస్తుంది. అదే కొంగ ఆకాశంలోకి లేస్తే మీటరు ఎదురు దిక్కుకు పోయి పిట్టను నల్లగా చేస్తుంది. కానీ కొంగ మీద పడే ఎండ రెండు చోట్లా ఒకటే కదా! అందుకే మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఐఎస్ఓ (ఫోటో వెలుతురును పెంచే, తగ్గించే అంకె) కూడా ఆటోలో కాకుండా మీరే ఖాయం చేయండి. ఎండ బాగా వచ్చాక షట్టర్ స్పీడు 1/2000 సెకను, ఎఫ్6.3, ఐఎస్ఓ 200తో మొదలుపెట్టండి. కెమెరా తెర మీద హైలైట్ హెచ్చరిక (వివరాలు పోయిన తెల్లటి చోట్లను చూపేది) మెరిసేది అక్కడక్కడ చుక్కలుగా ఉంటే ఫర్వాలేదు, రెక్కంతా మెరిస్తే ఐఎస్ఓ ఒక మెట్టు దించండి. మబ్బు కమ్మినప్పుడల్లా సరిచూసుకోవాలి, ఈ పద్ధతిలో ఇబ్బంది అదొక్కటే.

ప్రశ్న: పులికాట్‌లో తొమ్మిదిన్నరకు తీసిన ఫ్లెమింగోలు ఒక్కటీ షార్ప్‌గా లేవు. లెన్సు సర్వీసుకు ఇవ్వాలా?
(నెల్లూరు పాఠకుడు)

జవాబు: ముందు లెన్సును బీన్‌బ్యాగ్ (గింజలు నింపిన సంచి) మీద ఆనించి వరుసగా ఇరవై ఫ్రేములు తీయండి. ఒక్కో ఫ్రేములో ఒక్కోలా ఉండి, కాళ్లు అలలుగా వంగితే తప్పు గాలిది. అన్నీ ఒకేలా మసకబారితే అప్పుడు ఫోకస్‌నో లెన్సునో అనుమానించాలి. వేడెక్కిన నేల మీది గాలి పొరలు వెలుగును అటూ ఇటూ వంచుతాయి. దూరం పెరిగేకొద్దీ, లెన్సు పొడవు పెరిగేకొద్దీ అది ఎక్కువగా కనిపిస్తుంది. పొద్దు పొడిచాక మొదటి గంట వాడుకోండి, లేదా దగ్గరున్న పిట్టనే తీయండి. కారులోంచి తీస్తుంటే ఇంజిన్, ఏసీ ఆపి అద్దాలు దించి పది నిమిషాలు ఆగాలి. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి కిటికీ దగ్గర కలిసినా ఇదే జరుగుతుంది. ఇలాంటి ఫోటోకు ఏఐ షార్పెనింగ్ వాడితే అది లేని ఈకలు గీస్తుంది, దానివైపు పోకండి.

ప్రశ్న: పాలపిట్టను ఐఎస్ఓ 3200లో తీశాను. నాయిస్ తీసేస్తే ఈకలు ప్లాస్టిక్‌లా, రెక్కలోని నీలం ఒకే ముద్దగా అయిపోతోంది.
(వరంగల్ పాఠకుడు)

జవాబు: ఇక్కడ రెండు తప్పులు కలిశాయి, విడివిడిగా చూద్దాం. నాయిస్ తగ్గించడం రా ఫైల్ మీద మొట్టమొదట చేయాలి. షార్పెనింగ్ చేశాక తీస్తే అప్పటికే పదునెక్కిన మచ్చలను ప్రోగ్రామ్ ఈకలనుకుంటుంది. లైట్‌రూమ్ డీనాయిస్‌లో 50 దగ్గర వదిలేయక 30-35కు తగ్గించండి. పిట్ట మీద కొంచెం గరుకుదనం మిగలనివ్వండి. బ్యాక్‌గ్రౌండ్‌కు ఇంకా కావాలంటే మాస్క్ వేసి (ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని) అక్కడే నాయిస్ తగ్గించండి. డబ్బు పెట్టలేనివారికి డార్క్‌టేబుల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కెమెరాను బట్టి పనిచేసే డీనాయిస్ మాడ్యూల్ ఉంది, ఓపికగా వాడితే అదీ బాగుంటుంది.

ఇక నీలం సంగతి. శాచురేషన్ (రంగు గాఢత) పెంచేకొద్దీ ఆ నీలంలో ఎరుపు చానెల్ సున్నాకు పడిపోతుంది, నీలం చానెల్ చివరికి చేరుతుంది. రెండూ గోడకు తగిలాక ఈకకూ ఈకకూ మధ్య తేడా చూపించడానికి ఏమీ మిగలదు. వివిడ్ ప్రొఫైల్ ఉంటే న్యూట్రల్‌కు మార్చండి. రంగుల ప్యానెల్‌లో నీలం, ఆక్వా శాచురేషన్‌ను 10-15 తగ్గించి, రెక్క మీద మాస్క్ వేసి టెక్స్చర్ 15 ఇవ్వండి. రంగు తగ్గించినా రెక్క నీలంగానే కనిపిస్తుంది, పైగా ఈకల గీతలు తిరిగి వస్తాయి. షార్పెనింగ్ ఆఖర్న: రేడియస్ 0.8, అమౌంట్ 50. మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ నొక్కి పట్టుకుని, బ్యాక్‌గ్రౌండ్ పూర్తిగా నల్లబడేదాకా లాగండి. వెబ్ కోసం ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే కలర్ స్పేస్)లో, పొడవు వైపు 2048 పిక్సెళ్లతో ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. వేరే కలర్ స్పేస్‌లో పంపితే కొన్ని ఫోన్లలో రంగు వెలసిపోయి కనిపిస్తుంది.

ప్రశ్న: కెనాన్ ఆర్7లో ఎగిరే పిట్ట రెక్కలు వంకరగా వస్తున్నాయి. ఎందుకు?
(హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఉన్నట్టుంది. సెన్సర్‌ను వరుస వరుసగా చదివేలోపు రెక్క జరిగిపోతోంది. షట్టర్ స్పీడు పెంచినా ఇది పోదు. మెకానికల్‌కు మార్చండి, సెకనుకు 15 ఫ్రేములు ఎలాగూ వస్తాయి. కూర్చున్న పిట్ట శబ్దానికి బెదిరేలా ఉంటే మాత్రం ఎలక్ట్రానిక్ వాడుకోండి.