టెన్నిస్ ఆపేశాక పాప ఏం చేస్తుంది?

పాప ఎయిత్ క్లాస్, అండర్-14 టోర్నమెంట్లు ఆడుతోంది, కోచ్ గారేమో స్కూల్ మాన్పించి ఫుల్‌టైమ్ టెన్నిస్‌లో పెట్టమంటున్నారు, సానియా మీర్జాలా అయితే సరే, కాకపోతే ఆ తర్వాత దాని పరిస్థితి ఏంటండీ అని విజయవాడ నుంచి ఒక అమ్మ అడిగారు.

అమ్మా, మీ భయం కరెక్టే, కానీ సానియా పేరు ఎత్తారు కాబట్టి ఆవిడ కెరీర్ ఎలా నడిచిందో ఒకసారి చూడండి. 2003లో ప్రో అయ్యింది, 2005లో మన హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ కొట్టింది, 2007లో సింగిల్స్ ర్యాంక్ 27 దాకా వెళ్ళింది. ఆ తర్వాత మణికట్టు, మోకాళ్ళు, సర్జరీలు. 2013లో సింగిల్స్ వదిలేసి డబుల్స్ మీదే కూర్చుంది, 2015 ఏప్రిల్‌కి వరల్డ్ నంబర్ వన్, అన్నీ కలిపి 6 గ్రాండ్‌స్లామ్‌లు. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆఖరి మ్యాచ్ ఆడేసరికి వయసు 36. ఆ వయసులో మామూలు ఉద్యోగస్తులు ఇంకా ప్రమోషన్ల కోసం చూస్తుంటారు!

ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఏంటంటే, హైదరాబాద్‌లో అకాడమీ పెట్టింది 2013లో, అంటే రిటైర్మెంట్‌కి పదేళ్ళ ముందే. మహిళల ఐపీఎల్‌లో బెంగళూరు టీమ్‌కి మెంటర్ అన్న వార్త కూడా ఆఖరి మ్యాచ్ కంటే ముందే వచ్చేసింది. ఆడుతూనే తర్వాతి దారి వేసుకుంది, మీ పాపకి కూడా అదే కావాలి.

ఇంకో మాట, కింది స్థాయి ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నమెంట్‌లో మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు, అది ఆడేవాళ్ళందరికీ కలిపి. ఫ్లైట్, హోటల్, కోచ్ ఫీజు, గట్టింగ్ (రాకెట్ తీగలు) తెగిన ప్రతిసారీ అయ్యే ఖర్చు మీదే. చాలామంది ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతారు.

అందుకే సాకేత్ మైనేని వెళ్ళిన దారి కూడా చూడమంటాను. మన కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన అబ్బాయి, అమెరికాలో అలబామా యూనివర్సిటీకి ఆడుతూ చదువుకున్నాడు, 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్ కొట్టాడు. అంటే చదువు ఆటకి అడ్డు రాలేదు కదా. అమ్మాయిలకి కూడా అక్కడి కాలేజీల్లో టెన్నిస్ స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, కాకపోతే వాళ్ళు 9వ తరగతి నుంచి మార్కులు చూస్తారు, స్కూలయ్యాక ఎక్కువ గ్యాప్ వస్తే ఆడే అర్హత దెబ్బతింటుంది. ఇప్పుడు స్కూల్ మాన్పిస్తే ఆ తలుపు మీ చేతుల్తో మీరే మూసినట్టు.

కాబట్టి మాన్పించొద్దు. ప్రిన్సిపాల్ గారిని కలిసి మధ్యాహ్నం నుంచి పర్మిషన్ అడగండి, వెళ్ళేటప్పుడు పాప టోర్నమెంట్ డ్రాలు (ఎవరితో ఎవరు ఆడాలో చూపే పట్టికలు), ఏఐటీఏ (ఆలిండియా టెన్నిస్ సంఘం) ర్యాంక్ ప్రింటౌట్ పట్టుకెళ్ళండి. ఫుల్‌టైమ్ సంగతి టెన్త్ పరీక్షలయ్యాక, అప్పటి ర్యాంక్ చూసుకుని మాట్లాడుకుందాం.